లెక్కలేనన్ని పక్షులు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ళకి లెక్కలు రావని ఎవరన్నారో గానీ, పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మనం చేసేది లెక్కలేనండీ! పాలవాడి ఖాతాలో నాగాలెన్ని, ఇస్త్రీకి వెళ్ళిన బట్టలెన్ని, తిరిగొచ్చినవెన్ని, గ్యాసు బండ ఏ తారీఖున మార్చాం, ఇవన్నీ మనకి కంఠతా వుంటాయి. పెళ్ళిలో పంక్తికి ఎన్ని విస్తళ్ళు వేశారు, ఎన్ని పంక్తులు లేచాయి అన్నది వంటవాడికన్నా ముందు మనకే తెలుస్తుంది. ఇన్ని లెక్కలు పెట్టే మనం, ఏటేటా చలికాలంలో మన వూరి చెరువుకీ, మన డాబామీదికీ వచ్చిపోయే పక్షుల్ని ఎప్పుడైనా లెక్కపెట్టామా? నేనైతే పెట్టలేదు. పెట్టకపోవటం వల్ల ఏం పోయిందో చెప్పాలనే ఇవాళ మీ ముందుకొచ్చాను.

మాది ఏలూరు. మా వీధి చివర ఒక చెరువు వుండేది. పెద్దదేం కాదు. దసరా వెళ్ళి చలిగాలి తగలటం మొదలయ్యేసరికి ఎక్కడి నుంచో బాతులు వచ్చి దాంట్లో దిగేవి. ఉగాది లోపల మళ్ళీ మాయమయ్యేవి. మేం వాటిని చూస్తూ బట్టలారేసుకునే వాళ్ళం, పిల్లలకి చూపిస్తూ అన్నం పెట్టేవాళ్ళం. అంతే. కొన్నేళ్ళ కిందట ఆ చెరువుని పూడ్చటం మొదలుపెట్టారు. వీధిలో ఆడవాళ్ళం పదిమందిమి కలిసి అర్జీ రాసుకుని ఒక కార్యాలయానికి వెళ్ళాం. అక్కడి అధికారి మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి కూర్చోబెట్టాడు. కాగితం తీసుకుని, "ఏయే పక్షులు వస్తాయమ్మా? ఎన్ని వస్తాయి? ఏ నెలలో? ఎన్నేళ్ళ నుంచి?" అని అడిగాడు. మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. చివరికి నేనే, "లెక్కలేనన్ని వస్తాయండీ" అన్నాను.

"లెక్కలేనన్ని అంటే, లెక్క లేదన్నమాటేగా అమ్మా!" అన్నాడాయన.

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే మరీ గుచ్చుకుంది. ఇంటికొచ్చాక అదే ఆలోచన. అసలు పక్షుల్ని లెక్కపెట్టడం అనేది ఎప్పుడు మొదలయింది, ఎవరు మొదలుపెట్టారు, మన దేశంలో ఎవరు చేశారు అని పుస్తకాలు తిరగేశాను. తెలుసుకున్నకొద్దీ ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే ఆ చరిత్రలో అడుగడుగునా ఆడవాళ్ళున్నారు.

వలస పక్షుల సంగతి మన పూర్వులకి తెలియకపోలేదు. కాళిదాసు మేఘసందేశంలో వానమబ్బుతోపాటు హంసలు మానససరోవరానికి ప్రయాణం కడతాయి. చాతకపక్షి వానచినుకు కోసం ఎదురుచూస్తుందని మనకి అమ్మమ్మల నాటి నుంచి వినికిడి. ఆ చాతకం నిజంగానే వానలకి కాస్త ముందుగా ఆఫ్రికా వైపు నుంచి సముద్రం దాటి ఉత్తర, మధ్య భారతదేశాలకి వస్తుందని ఇప్పటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. తలమీద రెండు నల్లపట్టీలుండే ఒక జాతి బాతు టిబెట్టులో, మంగోలియాలో పిల్లల్ని పెంచుకుని, చలికాలానికి హిమాలయాల మీదుగా ఎగిరి మన దేశానికి వస్తుంది. కాబట్టి మానససరోవరం మాట వట్టి కవుల కల్పన అని తీసిపారేయటానికి వీల్లేదు.

పడమటి దేశాలవాళ్ళకి మాత్రం చాలాకాలం ఇది అంతుపట్టలేదు. చలికాలంలో పిచ్చుకలాంటి చిన్నపిట్టలు చెట్టుతొర్రల్లో దాక్కుని నిద్రపోతాయనీ, ఒక జాతి పిట్ట ఇంకో జాతిగా మారిపోతుందనీ అరిస్టాటిల్ అంతటివాడు రాశాడు. 1822లో జర్మనీలో ఒక కొంగ దొరికింది. దాని మెడలో ఆఫ్రికా వాళ్ళ బల్లెం గుచ్చుకుని వుంది! పాపం, ఆ బల్లెంతోనే అది అంత దూరం ఎగిరి స్వస్థలానికి చేరుకుంది. రోస్టాక్ విశ్వవిద్యాలయంలో దాన్ని ఇప్పటికీ భద్రపరిచారు. కొంగలు చలికాలంలో ఎక్కడికి పోతాయన్న ప్రశ్నకి ఆ బల్లెమే జవాబు చెప్పింది. తర్వాత 1899లో డెన్మార్కులో మోర్టెన్‌సెన్ అనే బడిపంతులు గోరింకల కాళ్ళకి నంబరు వేసిన అల్యూమినియం కడియాలు తొడిగి వదిలాడు. పక్షుల కాళ్ళకి కడియాలు తొడిగి వాటి ప్రయాణం తెలుసుకునే పద్ధతి అలా స్థిరపడింది.

ఇక లెక్కల సంగతికి వస్తాను. ఇది వింటే మీకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. 1886లో న్యూయార్కు నగరంలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే యువకుడు, బ్యాంకు ఉద్యోగి, రెండు సాయంత్రాలు బజారు వీధుల్లో తిరిగి పక్షుల్ని లెక్కపెట్టాడు. ఎక్కడి పక్షులనుకున్నారు? చెట్లమీదివి కావు, ఆడవాళ్ళ టోపీల మీదివి! ఆ రోజుల్లో అక్కడి స్త్రీలకి ఈకల టోపీల పిచ్చి. ఒక్క ఈక కాదు, కొందరికి టోపీమీద పక్షి పక్షంతా, రెక్కలు చాపుకుని, గాజుకళ్ళతో కూర్చునేది. చాప్‌మన్ మొత్తం 700 టోపీలు చూస్తే వాటిలో 542 టోపీలకి ఈకలున్నాయి. వాటిలో 40 జాతుల పక్షుల్ని గుర్తుపట్టగలిగాడు.

ఈ ఈకల కోసం కొంగల్ని పిల్లలు పెట్టే కాలంలోనే చంపేవారు. ఎందుకంటే తెల్లకొంగకి వీపుమీద ఆ నాజూకైన కుచ్చు మొలిచేది అప్పుడే. తల్లి పోతే గూటిలో పిల్లలు ఆకలితో మాడి చచ్చేవి. మన దేశం నుంచి కూడా ఈకలు ఓడలమీద ఎగుమతి అయ్యేవి. 1902లో ఇంగ్లీషు ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

తప్పు ఆడవాళ్ళ టోపీల్లో వుంటే, దిద్దుకున్నదీ ఆడవాళ్ళే. 1896లో బోస్టన్ నగరంలో హారియెట్ హెమెన్‌వే అనే ఒక సంపన్న గృహిణి, మిన్నా హాల్ అనే తన దాయాది చెల్లెలితో కలిసి, వూళ్ళో పెద్దింటి ఆడవాళ్ళ పేర్ల జాబితా ముందేసుకుని కూర్చుంది. ఒక్కొక్కరినీ టీకి పిలిచి, "ఈకల టోపీలు మానేద్దాం" అని ఒప్పించటం మొదలుపెట్టారు. సభలు లేవు, ఊరేగింపులు లేవు. తేనీటి కప్పుల మధ్య జరిగిన ఉద్యమం! అలా సుమారు 900 మంది స్త్రీలు చేరారు. అందులోంచే అక్కడి పక్షి సంరక్షణ సంఘం పుట్టింది. చూశారా, పేరంటానికి ఎంత శక్తి వుందో!

నాలుగేళ్ళకి, 1900లో, ఆ చాప్‌మనే ఇంకో లెక్క మొదలుపెట్టాడు. అప్పటికతను న్యూయార్కు మ్యూజియంలో పక్షిశాస్త్రజ్ఞుడు. ఆ దేశంలో క్రిస్మస్ పండగనాడు మగవాళ్ళు రెండు జట్లుగా విడిపోయి, తుపాకులు పట్టుకుని వెళ్ళి, సాయంత్రానికి ఏ జట్టు ఎక్కువ జంతువుల్నీ పక్షుల్నీ చంపిందో లెక్కపెట్టుకునే ఆట ఒకటుండేది. చాప్‌మన్ తన పత్రికలో, "ఈసారి చంపొద్దు, చూసి లెక్కపెట్టండి" అని రాశాడు. ఆ క్రిస్మస్‌కి 25 చోట్ల, 27 మంది మాత్రమే కదిలారు. అందరూ కలిపి 90 జాతుల దాకా చూశారు. ఆ 27 మందితో మొదలైన లెక్క ఇప్పటిదాకా ఒక్క ఏడూ తప్పలేదు. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చినా ఆగలేదు. ఇప్పుడు వేల వేల మంది పాల్గొంటున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆట ఒకటే. పొద్దున్నే బయల్దేరటం ఒకటే. సాయంత్రం లెక్క చెప్పుకోవటం ఒకటే. మారింది ఒక్కటే, చచ్చినవాటి లెక్క పోయి బతికున్నవాటి లెక్క వచ్చింది.

మన దేశంలో కూడా సరిగ్గా ఇలాగే జరిగింది. రాజస్థాన్‌లో భరత్‌పూర్ అనే వూరుంది. అక్కడి మహారాజులు పల్లపు నేలకి గట్లు పోసి, నీళ్ళు నిలవగట్టి, వలస బాతుల్ని రప్పించి వేటాడేవారు. దొరల్ని విందుకి పిలిచేవారు. ఎవరొచ్చినప్పుడు ఎన్ని పక్షులు పడ్డాయో రాతిమీద చెక్కించారు. ఆ రాళ్ళు ఇప్పటికీ అక్కడున్నాయి. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కరోజులో పడిన పక్షులు 4,273! మన దేవాలయాల్లో దాతల పేర్లూ, దానాల వివరాలూ చెక్కినట్టు అక్కడ చచ్చినవాటి లెక్క చెక్కారు.

కాలం మారింది. ఆ వేటస్థలమే అభయారణ్యమైంది, జాతీయ ఉద్యానవనమైంది, 1985లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. అక్కడికి సైబీరియా నుంచి తెల్లని పెద్ద కొంగలు, సైబీరియన్ క్రేన్లు, వచ్చేవి. 1964-65 చలికాలంలో సుమారు 200 వచ్చాయి. తర్వాత లెక్క ఏటేటా పడిపోతూ వచ్చింది. దారిలో వేటగాళ్ళు, ఎండిపోయిన చిత్తడి నేలలు, ఏవైతేనేం, చివరి జంట కనిపించింది 2002లో. ఆ తర్వాత రాలేదు.

"మరి లెక్కపెట్టి ఏం లాభం? పోనే పోయాయిగా!" అని మీరడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క దానంతటది పక్షిని బతికించదు, నిజమే. జ్వరమాని జ్వరాన్ని తగ్గిస్తుందా? కానీ జ్వరమాని లేకపోతే బిడ్డకి జ్వరం ఎక్కుతోందో దిగుతోందో ఎలా తెలుస్తుంది? సైబీరియా కొంగల విషయంలో చికిత్స అందలేదు. ఆ లెక్క చూసి మిగతావాటికైనా అందాలని మేలుకున్నవాళ్ళున్నారు.

మన దేశంలో వలస పక్షుల కాళ్ళకి కడియాలు తొడిగే పని పెద్ద ఎత్తున సాగింది 1959 తర్వాత. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున సలీం అలీగారు దీనికి పూనుకున్నారు. అంతకు రెండేళ్ళ ముందు కర్ణాటక అడవుల్లో కోతుల్నీ మనుషుల్నీ చంపే కొత్త జ్వరం ఒకటి బయటపడింది. రష్యాలోని ఒక జబ్బుకి అది దగ్గర చుట్టం కావటంతో, వలస పక్షులు మోసుకొస్తున్నాయా అన్న అనుమానం వచ్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సాయం చేసింది. ఆ కడియాల మీద నంబరుతోపాటు, దొరికితే బొంబాయి సొసైటీకి తెలియజేయమని రాసి వుండేది. మన దగ్గర కడియం తొడిగిన బాతులు ఎక్కడో సైబీరియాలో దొరికేవి. అలా చుక్కా చుక్కా కలిపితే ముగ్గులా, పక్షుల దారులు ఒక్కొక్కటే తేలాయి. మన దేశంమీదుగా పోయే ఆ దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. అది 30 దేశాల మీదుగా పోతుంది.

సలీం అలీగారి పేరు అందరికీ తెలుసు. 1931-32లో ఆయన మన హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఆయనతోపాటు గుడారాల్లో కాపురం చేసి, ఆ యాత్రలన్నిటిలో చేదోడుగా నిలిచిన భార్య తెహ్మీనా గురించి ఎంతమందికి తెలుసు? 1939లో ఆవిడ చిన్నవయసులోనే పోయారు.

ఇంకో ఇద్దరి సంగతి కూడా చెప్పి తీరాలి. జమాల్ ఆరా అనే ఆవిడ 1923లో బీహారులో పుట్టారు. చదివింది పదోతరగతి వరకే. సంసార జీవితంలో చిక్కులు వచ్చి, కూతురితో రాంచీ చేరుకున్నారు. అక్కడ, చోటా నాగపూర్ అడవుల్లో, పక్షుల్ని చూడటం, రాసుకోవటం మొదలుపెట్టారు. ఆ రాతలు బొంబాయి సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. పిల్లల కోసం ఆవిడ రాసిన పక్షుల పుస్తకాన్ని 1970లో నేషనల్ బుక్ ట్రస్టు వారు ప్రచురించారు. అన్నట్టు, ఆవిడ రేడియోకి కూడా కార్యక్రమాలు చేశారట! పదోతరగతితో ఆగిపోయిన నాబోటి దానికి ఆ మాట చదివినప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

రెండో ఆవిడ ఢిల్లీలో వుండిన ఉషా గంగూలీ. ఆవిడ భర్త ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం ఆచార్యులు, తర్వాత వైస్‌ఛాన్సలర్. ఆవిడ గృహిణి. 1950లో ఢిల్లీలో పక్షుల్ని చూసేవాళ్ళ సంఘం ఒకటి ఏర్పడింది. ఇందిరా గాంధీగారు కూడా అందులో సభ్యురాలు. ఉషా గంగూలీ ఆ సంఘంలో చేరి, యమునా తీరాన, చుట్టుపక్కల చెరువుల దగ్గర, ఏళ్ళ తరబడి చూసింది చూసినట్టు రాసి పెట్టారు. ఏ పక్షి ఏడాది పొడుగునా వుంటుంది, ఏది చలికాలపు చుట్టం, ఏది దారినపోతూ నాలుగు రోజులు ఆగిపోతుంది, అన్నీ విడదీశారు. 1970లో ఆవిడ కాలం చేశారు. ఆ రాతలన్నీ 1975లో ఢిల్లీ ప్రాంతపు పక్షుల పుస్తకంగా వెలువడ్డాయి. ఆవిడ చూసినచోట ఇవాళ ఎన్నో భవనాలు లేచి వుండవచ్చు. కానీ ఒకప్పుడు ఏ పక్షులుండేవని ఎవరైనా అడిగితే, చూపించటానికి పుస్తకముంది. మా చెరువుకి లేనిది అదే.

ఇక మన ప్రాంతానికి వద్దాం. కృష్ణా గోదావరుల మధ్య కొల్లేరు. మా అత్తవారిది కొల్లేటి దాపున పల్లె. మా అత్తయ్యగారు తన చిన్నప్పటి గూడబాతుల కథలు చెబుతూ వుంటారు. ముక్కు కింద సంచీ వేలాడే పెద్ద పక్షులు, పెలికన్‌లంటారే, అవి. చెట్లనిండా గూళ్ళు, పొద్దస్తమానం పిల్లల గోల, చేపల కంపు, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెబుతారు. ఓసారి అడిగాను.

"అత్తయ్యా, ఎన్ని వుండేవంటారు?"

"ఎన్నంటే ఏం చెప్పను అమ్మాయ్, లెక్కలేనన్ని!"

"అయినా సుమారుగా?"

"ఎవరు లెక్కపెట్టారే! రేపు వుండవని తెలిస్తే కదా లెక్కపెట్టేది!"

ఆవిడ మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ అధికారి మాట గుర్తొచ్చింది.

పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు గూళ్ళు కట్టుకునే పెద్ద స్థావరం వుందని 1946లో పక్షిశాస్త్ర లోకానికి తెలియజేసినవారు కె.కె. నీలకంఠన్. ఆయన మలయాళీ, ఇంగ్లీషు అధ్యాపకులు. ఇందుచూడన్ అనే పేరుతో తర్వాత కేరళ పక్షుల మీద గొప్ప పుస్తకం రాశారు. ఆయన రాసేదాకా ఆ సంగతి మన పల్లెవాళ్ళకి తెలుసు, లోకానికి తెలియదు. ఆ తర్వాతయినా ఏటేటా లెక్కపెట్టి వుంటే ఎప్పుడు తగ్గుతున్నాయో, ఎందుకు తగ్గుతున్నాయో కనిపెట్టి వుండేవాళ్ళమేమో! ఎప్పుడో ఒకరు వెళ్ళి చూసిరావటమే తప్ప, వరస లెక్క లేదు. 1970ల మధ్యకల్లా కొల్లేటి ప్రాంతంలో ఆ గూళ్ళు కనుమరుగైపోయాయి. పాతికముప్ఫై ఏళ్ళలో ఒక పక్షి కులం మన కళ్ళముందే లేచిపోతే, ఏ ఏడు ఎన్ని పోయాయో చెప్పగల కాగితం లేకుండా పోయింది.

ఒక్కమాట చెప్పాలి. గూడబాతులు సైబీరియా నుంచి వచ్చేవి కావు. మన దేశంలోనే నీరూ చేపలూ వున్నచోటికి మారుతూ వుంటాయి. దూరదేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతుల వంటివి, బురదలో పొడుగు ముక్కుతో ఏరుకు తినే ఉల్లంకిపిట్టల వంటివి. అవి వేరు. కానీ దగ్గరి చుట్టమైనా, దూరపు చుట్టమైనా నీళ్ళు లేని ఇంటికి రారు కదా!

ఆ తర్వాత మనవాళ్ళు మేలుకున్నారు. నెల్లూరు వైపు, సూళ్ళూరుపేట దాపున నేలపట్టు చెరువుని 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అక్కడ చెరువులో కడప చెట్లుంటాయి. చలికాలం వస్తే ఆ చెట్లు గూడబాతులతో నిండిపోతాయి. పక్షుల రెట్టలు కలిసిన ఆ నీళ్ళు పొలానికి పారితే ఎరువు అక్కర్లేదని రైతులకి తెలుసు. అందుకని ఆ పక్షుల్ని ఎవరూ కదిలించరు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా అంతే. పక్షులు రాని ఏడు వూరికి మంచిది కాదని అక్కడి నమ్మకం. పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్ని చూసినట్టు చూస్తారు. చట్టం చేసే పని ఒకటుంటే, ఇలాంటి మన్నన చేసే పని ఇంకోటి.

కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రాంసార్ చిత్తడి నేలల్లో చేర్చారు. 2006లో సరస్సులో వెలిసిన చేపల చెరువుల గట్లు కొట్టించారు. దీనిమీద వాదాలున్నాయి, బతుకుతెరువు పోయినవాళ్ళ బాధలూ వున్నాయి, కాదనను. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులకి గూళ్ళు కట్టుకోవటానికి చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతారు. వాటిమీద గూడబాతులు మళ్ళీ పిల్లల్ని లేపుతున్నాయి. మా అత్తయ్యగారిని తీసుకెళ్ళి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "ఈసారైనా లెక్కపెడుతున్నారా?" అన్నారు.

పెడుతున్నారు! 1987 నుంచి మన దేశంలో ఏటా జనవరి నెలలో నీటిపక్షుల లెక్క జరుగుతోంది. ఆసియా అంతటా ఇంచుమించు ఒకే రోజుల్లో, ఎవరి చెరువు దగ్గర వాళ్ళు లెక్కపెడతారు. జీతం లేదు, భత్యం లేదు. విద్యార్థులు, ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవాళ్ళు, గృహిణులు, ఎవరైనా చేరవచ్చు. ఇప్పుడు సెల్ ఫోనులోనే లెక్క పంపే సదుపాయం కూడా వచ్చింది. 2023లో దేశంలోని పక్షుల పరిస్థితి మీద ఒక నివేదిక వెలువడింది. దానికి ఆధారం సుమారు 30,000 మంది మామూలు మనుషులు చూసి రాసి పంపిన మూడు కోట్ల పరిశీలనలు. దీర్ఘకాలం పాటు లెక్క తేలిన 338 జాతుల్లో నూటికి 60 వంతులు తగ్గిపోతున్నాయని అందులో తేలింది. ఇది పదిమంది పండితులు గదిలో కూర్చుని తేల్చగల సంగతి కాదు. 30,000 డాబాలు, పెరళ్ళు, చెరువుగట్లు కలిస్తేనే తేలింది.

ఇంతకీ అన్ని పక్షుల్ని ఎలా లెక్కపెడతారు, అవి కుదురుగా కూర్చుంటాయా అని సందేహం రావచ్చు. పద్ధతి మనకి తెలిసిందే. పెళ్ళిలో పంక్తి లెక్క! ముందు గుంపులో ఒకవైపు నుంచి పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఆ పదీ ఎంత చోటు ఆక్రమించాయో చూసుకోవాలి. అలాంటి చోట్లు గుంపు మొత్తంలో ఎన్ని పడతాయో చూసి, పదితో గుణించాలి. పెద్ద గుంపయితే వందని పంక్తిగా పెట్టుకోవాలి. ఏటా అదే చెరువు, అదే గట్టు, అదే వేళ అయితే మంచిది. తెల్లవారాక ఒక గంట వీలైన సమయం. పేరు తెలియకపోతే బెంగ వద్దు. ఎంత వుంది, కాకి అంతా కోడి అంతా, ముక్కు పొడుగా పొట్టా, కాళ్ళు ఏ రంగు, ఇవి రాసుకుంటే పేరు తర్వాత ఎవరైనా చెబుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. రాకపోతే రాలేదని రాయాలి. సున్న కూడా లెక్కే. అందరం చేసే పొరపాటు ఇక్కడే. చుట్టాలొస్తే చెప్పుకుంటాం గానీ, రావలసినవాళ్ళు రాని సంగతి పట్టించుకోం.

చెరువు దాకా వెళ్ళటం కుదరనివాళ్ళు డాబా ఎక్కండి చాలు. దసరా రోజుల్లో బట్టలారేసే వేళ, తోక పైకీ కిందికీ ఆడిస్తూ చకచకా పరుగెత్తే సన్నని పిట్ట ఒకటి కనిపిస్తుంది. పిచ్చుకలా గెంతదు, నడుస్తుంది. మా అత్తయ్యగారు దాన్ని 'దసరా అల్లుడు' అంటారు. అల్లుడైతే పండగ చూసుకుని వెళ్ళిపోతాడు గానీ, ఇది ఉగాది దాకా కదలదు. అరచేతిలో ఇమిడే ఆ ప్రాణి హిమాలయాల వైపు నుంచి, ఇంకా అవతలి నుంచి వస్తుంది. చాలాసార్లు పోయినేడు వున్నచోటికే తిరిగి వస్తుంది. కాలెండరులో పాలవాడి నాగాల పక్కనే, అది మొదటిసారి కనిపించిన తేదీ, చివరిసారి కనిపించిన తేదీ రాయండి. ఏడాదికి రెండు తేదీలు. పదేళ్ళకి ఇరవై. అప్పుడు మీ చేతిలో వున్నది చరిత్ర!

మా వీధి చెరువు ఏమైందని అడుగుతారేమో! పూడిపోయింది. మేం వెళ్ళేసరికే ఆలస్యమయింది, ఉత్త చేతులతో వెళ్ళాం. ఆ అధికారిమీద నాకు కోపం లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మా దగ్గర వుండవలసింది.

ఆ ఏడే మా అమ్మాయి పాత నోటుబుక్కు ఒకటి తీసుకున్నాను. మొదటి పేజీలో మొదటి వరసలో, 'మా వీధి చెరువు – సున్న' అని రాశాను. రెండో వరస నుంచి వూరికి అవతలనున్న ఇంకో చెరువు లెక్క మొదలవుతుంది. ఇప్పుడు నాతోపాటు మా వీధిలో వాళ్ళు ముగ్గురు వస్తున్నారు. ఒకరు చూస్తారు, ఒకరు లెక్కపెడతారు, ఒకరు రాస్తారు, ఒకరు ఫ్లాస్కులో కాఫీ తెస్తారు. ఏదో ఒకనాడు ఆ చెరువు గురించి కూడా ఎవరైనా అడుగుతారు, 'ఏవి వస్తాయి? ఎన్ని? ఎన్నేళ్ళ నుంచి?' అని. ఈసారి లెక్కలేనన్ని అనకుండా, పుస్తకం తీసి చూపిస్తాం.

మీ వూళ్ళో కూడా అలాంటి చెరువు ఒకటి వుండే వుంటుంది. ఈ చలికాలంలో ఒక్క ఉదయం వెళ్ళి చూసి రండి. వెళ్ళేటప్పుడు పెన్సిలు మర్చిపోకండి.